టామియా 1/350 ఎంటర్‌ప్రైజ్‌ను 1971 రూపానికి మార్చడం: కిట్ గురించి, కాజీపేట త్రీడీ ప్రింటింగ్ దుకాణం గురించి

జపాన్‌కు చెందిన టామియా సంస్థ 1/350 స్కేల్‌లో, అంటే అసలు నౌకలో 350వ వంతు పరిమాణంలో, అమ్ముతున్న యూఎస్‌ఎస్ ఎంటర్‌ప్రైజ్ అనే అమెరికా విమానవాహక నౌక ప్లాస్టిక్ నమూనా కిట్‌ను కొనాలనుకునే మనవాళ్లు మొదట తెలుసుకోవలసింది, ఆ పెట్టెలో ఉన్నది ఏ సంవత్సరపు నౌక అన్న సంగతి. మన దేశంలో ఎంటర్‌ప్రైజ్ పేరు విన్నవారిలో ఎక్కువమందికి అది 1971 డిసెంబరులో బంగాళాఖాతంలోకి వచ్చిన నౌకగానే గుర్తు. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం ముగింపుకు వస్తున్న రోజుల్లో అమెరికా ప్రభుత్వం తన ఏడవ నౌకాదళం నుంచి టాస్క్ ఫోర్స్ 74 అనే దళాన్ని ఏర్పరచి, వియత్నాం తీరాన ఉన్న ఎంటర్‌ప్రైజ్‌ను దానికి ముఖ్య నౌకగా పెట్టి, మలక్కా జలసంధి మీదుగా ఇటువైపు పంపింది. ఆ దళం బంగాళాఖాతంలో అడుగుపెట్టిన మరునాడే, డిసెంబరు 16న, ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. కిట్‌లో ఉన్న రూపం మాత్రం దానికి దశాబ్దం తరువాతిది. 1979లో మొదలై 1982 దాకా బ్రెమర్టన్‌లోని ప్యూజెట్ సౌండ్ నౌకాశాలలో సాగిన భారీ మరమ్మతు ముగిశాక ఆ నౌక ఎలా ఉండేదో టామియా దాన్నే మలిచింది. పెట్టె మీద బొమ్మ చూసి 1971 నాటి నౌక అనుకుని కొంటే నిరాశ తప్పదు. తెలిసి కొంటే మాత్రం దాన్ని పాత రూపానికి మార్చడం వరంగల్‌లో కూర్చుని కూడా సాధ్యమయ్యే పనే. ఆ మార్పుకు కిట్ ఎంతవరకు అనుకూలం, మార్పు భాగాలను ముద్రించి ఇచ్చిన కాజీపేట దుకాణం పనితనం ఎలాంటిది అన్న రెండు విషయాలకే ఈ సమీక్ష పరిమితం.

కిట్ విషయంలో నా తీర్పు అనుకూలమే. అసలు నౌక పొడవు 342 మీటర్లు కాబట్టి ఈ స్కేల్‌లో అది దాదాపు 98 సెంటీమీటర్లు వస్తుంది. అంత పెద్ద నమూనాను పాత రూపానికి మార్చడం అనగానే ఎవరికైనా భయం వేస్తుంది కానీ, ఈ నౌక విషయంలో ఆ భయానికి అవకాశం తక్కువ. నీటిలో మునిగే భాగం, పక్క గోడలు, కోణంగా తిరిగిన విమానాల డెక్, విమానాలను గాలిలోకి విసిరే నాలుగు ఆవిరి క్యాటపుల్టులు, కుడివైపు మూడు, ఎడమవైపు ఒకటిగా ఉన్న నాలుగు లిఫ్టులు 1961లో నౌక సేవలో చేరిననాటి అమరికలోనే చివరిదాకా కొనసాగాయి. కొట్టొచ్చినట్టు మారిందల్లా డెక్ కుడి అంచున నిలబడే కట్టడం, అంటే ఐలండ్. దానికి తోడు అంచుల మీది ఆయుధాలు, డెక్ మీది విమానాలు. వంద సెంటీమీటర్ల నమూనాలో నిజంగా కత్తి పెట్టవలసిన చోటు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక్క కట్టడమే కావడం ఈ కిట్‌ను మార్పుకు ఎంచుకోవడానికి పెద్ద కారణం. ఇదే పని రెండో ప్రపంచ యుద్ధపు నౌకల్లో చేయబోతే పరిస్థితి వేరు. జపాన్ నౌక అకాగీ మొదట మూడు అంచెల డెక్‌లతో సేవలో చేరి, 1930లలో ఒకే పొడవాటి డెక్ నౌకగా మారింది. తరువాతి రూపపు కిట్ తీసుకుని మొదటి రూపానికి మార్చాలంటే నౌక ముందు సగాన్ని కొత్తగా కట్టుకోవడమే.

ఎంటర్‌ప్రైజ్ ఐలండ్ పాత రూపం గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మార్పు అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఎనిమిది అణు రియాక్టర్లతో నడిచే ఈ నౌకకు పొగగొట్టంతో పనిలేదు. పొగగొట్టం లేనప్పుడు ఐలండ్‌ను నచ్చిన ఆకారంలో కట్టుకునే స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ స్వేచ్ఛను రూపకర్తలు రాడార్ కోసం వాడుకున్నారు. సన్నని అడుగుభాగం మీద, దానికంటే వెడల్పుగా బయటికి పొడుచుకొచ్చిన ఒక చదరపు పెట్టెను నిలిపి, దాని నాలుగు ముఖాల మీద తిరగని రాడార్ పలకలను బిగించారు. ఒక్కో ముఖానికి రెండు పలకలు: అడ్డంగా పొడవుగా ఉండేది ఎస్‌పీఎస్-32, నిలువుగా నిలబడేది ఎస్‌పీఎస్-33. మొదటిది దూరం నుంచి వచ్చేవాటిని వెతకడానికి, రెండోది వాటిని వెంబడించి ఎత్తు, దిశ చెప్పడానికి. హ్యూస్ సంస్థ తయారుచేసిన ఈ జంటను ఎంటర్‌ప్రైజ్‌తో పాటు లాంగ్ బీచ్ అనే అణు క్రూయిజర్‌కు మాత్రమే అమర్చారు. గిర్రున తిరిగే యాంటెనా లేకుండా కిరణాన్నే విద్యుత్ పద్ధతిలో తిప్పే ఆలోచన కాలానికి చాలా ముందున్నదే అయినా, వాక్యూమ్ ట్యూబుల యుగపు పరికరాలు కావడంతో వాటిని నిలకడగా పనిచేయించడం నావికులకు పెద్ద భారమైంది. 1979లో మొదలైన మరమ్మతులో వాటిని పీకేసి, తిరిగే రాడార్లు ఎస్‌పీఎస్-48, ఎస్‌పీఎస్-49లను కొత్త మాస్తుతో సహా నిలిపారు. కిట్‌లో కనిపించేది ఈ కొత్త అమరికే.

పెట్టె పైన ఇంకొకటి ఉండేది. శత్రు రాడార్ సంకేతాలను పసిగట్టే చిన్నచిన్న యాంటెనాలను వరుసలు వరుసలుగా చుట్టూ పేర్చిన గుమ్మటం అది. దూరం నుంచి చూస్తే తిరగేసి నిలబెట్టిన తేనెపట్టులా కనిపించే ఆ గుమ్మటమే పాత ఎంటర్‌ప్రైజ్‌కు గుర్తు. ఎనిమిది పలకలు సరిగా కుదిరి, గుమ్మటం వాలు తప్పితే చూసేవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది. కాబట్టి ఈ మార్పులో డబ్బు, ఓపిక పెట్టవలసిన చోటు గుమ్మటమేనని నా అభిప్రాయం. పలకల మీది సూక్ష్మమైన గీతలను ఒక అడుగు దూరం నుంచి ఎవరూ చూడలేరు. గుమ్మటపు రూపురేఖ గది అవతలి నుంచి కూడా తెలుస్తుంది.

మార్పు మొదలుపెట్టే ముందు నెల, సంవత్సరం తేల్చుకోవాలి. పాత రూపం అంటే అందరూ 1961 నుంచి 1978 దాకా ఒకటే అనుకుంటారు, అది సరి కాదు. 1961 నవంబరులో నౌక సేవలో చేరినప్పుడు దాని మీద క్షిపణులు అసలే లేవు. 1962 క్యూబా దిగ్బంధంలో పాల్గొన్నప్పుడు, 1964లో లాంగ్ బీచ్, బెయిన్‌బ్రిడ్జ్ నౌకలతో కలిసి ఎక్కడా ఇంధనం నింపుకోకుండా భూమి చుట్టూ తిరిగి వచ్చినప్పుడు అదే పరిస్థితి. 1967లో విమానాలను కూల్చే సీ స్పారో క్షిపణులు వచ్చాయి. అప్పటి లాంచర్లు బరువైన పెట్టెల రకం. కిట్‌లో ఉన్న తరువాతి రకం వేరు. సమీపం నుంచి వచ్చే క్షిపణులను కూల్చే ఫాలాంక్స్ తుపాకులు అమెరికా నౌకల మీదికి 1980లో గానీ రాలేదు కాబట్టి 1971 నమూనాలో వాటికి చోటు లేదు. సిబ్బంది డెక్ మీద వరుసగా నిలబడి ఐన్‌స్టీన్ సమీకరణం ఆకారం కట్టిన 1964 జూన్ ఛాయాచిత్రం అందరికీ తెలిసినదే. పలకలు, గుమ్మటం అందులో చక్కగా కనబడతాయని చాలామంది దాన్నే ఆధారంగా పెట్టుకుంటారు. ఐలండ్ వరకు అది మంచి ఆధారమే. డెక్ అంచుల విషయంలో దాన్ని నమ్మితే 1971 నౌక మీద సీ స్పారోలు లేకుండా పోతాయి. అమెరికా ప్రభుత్వ నౌకాదళ చరిత్ర విభాగం తన ఛాయాచిత్రాలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఉంచింది కనుక, 1967 తరువాతివి, 1979కి ముందువి ఏరుకుని పక్కన పెట్టుకుంటే ఈ తికమక ఉండదు.

కిట్ భాగాలను కోయడంలో కష్టం తక్కువ. ఐలండ్ దిగువ అంతస్తులు చాలావరకు పనికొస్తాయి కనుక వాటిని అతికించి పూర్తిగా ఆరనిచ్చి, పై పెట్టె మొదలయ్యే చోట చుట్టూ టేపు అంటించి, ఆ గీత వెంట సన్న రంపంతో కోయాలి. కత్తితో గట్టిగా నొక్కి ఒకేసారి తెంపబోతే ప్లాస్టిక్ అంచు లోపలికి వంగిపోతుంది. కోసిన ముఖాన్ని గాజు పలక మీద పరిచిన 400 నంబర్ వాటర్ పేపర్ మీద నెమ్మదిగా రుద్ది సమం చేసుకుంటే పైన కూర్చునే కొత్త పెట్టె ఏ పక్కకూ ఒరగదు. కొత్త రూపానికి చెందిన మాస్తు, తిరిగే రాడార్లు, ఫాలాంక్స్ తుపాకులు వాడకుండా దాచిపెట్టుకోవచ్చు. అంచుల మీద ఆ తుపాకుల కోసం ఉన్న దిమ్మెలను కూడా తీసేయాలి. తీసేసిన చోట పడే గుంటలకు మందంగా ఎంసీల్ పెట్టి, ఆరాక కార్లకు వాడే ఎన్‌సీ పుట్టీని పలచగా పూస్తే సరిపోతుంది. పుట్టీ ఒకేసారి మందంగా పూస్తే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఎప్పుడూ వాడనివారు భాగాలు అతికి ఉండే చట్రపు ముక్క మీద ముందు పరీక్షించుకోవడం మంచిది.

ఇక కొత్త పెట్టె, గుమ్మటం, ఎనిమిది పలకలు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. విదేశాల నుంచి రెజిన్ మార్పు భాగాలు తెప్పించుకోవచ్చు గానీ, కొరియర్ ఖర్చు, సుంకం కలిపితే గుప్పెడు భాగాలకు కిట్ ధరలో చెప్పుకోదగ్గ వాటా పోతుంది. హన్మకొండ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డుతో పెట్టెను కట్టేయవచ్చునన్న ఆలోచన కొందరికి వస్తుంది. పెట్టె వరకు అది నడుస్తుంది, కోసిన అంచులు స్పాంజిలా ఉంటాయి కనుక పుట్టీ పని ఎక్కువవుతుంది. గుమ్మటానికి మాత్రం సన్‌బోర్డు ఎందుకూ పనికిరాదు. అందుకే ఈ పనిని కాజీపేటలో నిట్‌కు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న త్రీడీ ప్రింటింగ్ దుకాణానికి అప్పగించాను. ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు పనులే ఆ దుకాణానికి ఆధారం. గేర్లు, డ్రోన్ చట్రాలు, వంతెన నమూనాలు ముద్రించే చోట విమానవాహక నౌక గుమ్మటం అడిగితే మొదట కొంచెం వింతగా చూసినా, పని అర్థం చేసుకోవడంలో వాళ్లు చూపిన శ్రద్ధ మెచ్చుకోదగినది.

అక్కడ రెండు రకాల యంత్రాలున్నాయి. ఒకటి ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పేర్చేది, రెండోది ద్రవ రెజిన్‌ను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచేది. తీగ యంత్రంలో పని చవక, కానీ దాని ముక్కు రంధ్రం 0.4 మిల్లీమీటర్లు. గుమ్మటం మీది యాంటెనాలు ఈ స్కేల్‌లో మిల్లీమీటరు అటూఇటూ ఉంటాయి కాబట్టి ఆ యంత్రంలో అవి ముద్దలుగా కరిగిపోతాయి. చవక పనినే అంటగట్టి డబ్బు తీసుకునే అవకాశం ఉన్నా, దుకాణంలోని యువకుడు భాగాల త్రీడీ బొమ్మ ఉన్న ఫైలు చూసిన వెంటనే రెజిన్ తప్ప వేరే దారి లేదని చెప్పాడు. పెట్టెను నిండుగా ముద్రించమని అడిగినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. "సార్, గిది లోపల బోలుగ ఉంచి కింద రెండు బొక్కలు పెడ్దాం, లేకుంటే లోపల పచ్చి రెజిన్ ఉండిపోయి ఎండకాలం పగుల్తది" అన్నాడు. ఇది అనుభవం ఉన్న మాట. లోపల చిక్కుకుపోయిన గట్టిపడని రెజిన్ నెలలు గడిచాక కారడం, వాయువు ఒత్తిడికి గోడ చీలడం రెజిన్ ముద్రణలో తెలిసిన సమస్యలే. వరంగల్ మే నెల ఎండలో అవి ఇంకా త్వరగా బయటపడతాయి. గోడ మందం రెండు మిల్లీమీటర్లు ఉంచి, అడుగున రంధ్రాలు పెట్టి, లోపలి భాగాన్ని కూడా ఆల్కహాల్‌తో కడిగి, కాంతిలో ఆరబెట్టి ఇచ్చారు. ఆ రంధ్రాలు ఐలండ్ దిగువ భాగం మీద కూర్చున్నాక కనిపించవు.

కొలతల విషయంలో వినియోగదారుడే జాగ్రత్తపడాలి. ఎస్‌పీఎస్-32 పలక నిజ పరిమాణం 40 అడుగులు 20 అడుగులు. 1/350కి అది సుమారు 35 మిల్లీమీటర్లు 17 మిల్లీమీటర్లు. ఎస్‌పీఎస్-33 పొడవు 25 అడుగులు, అంటే ఇక్కడ 22 మిల్లీమీటర్ల లోపు. ఫైలులో ఈ అంకెలు సరిగా ఉన్నా, పెట్టె అడుగు కొలత మాత్రం మీ చేతిలో ఉన్న కిట్ భాగాన్ని వెర్నియర్‌తో కొలిచి ఇవ్వాలి. అసలు నౌక కొలతలను లెక్కగట్టి ఇస్తే, కోసి రుద్దిన తరువాత మిగిలిన ప్లాస్టిక్ అంచుతో అవి కలవవు. ముద్రణలో వచ్చే కుంచింపు గురించి దుకాణంవారు ముందే చెప్పి, ఒక చిన్న పరీక్ష ముక్క ముద్రించి కొలిచి, దానికి తగినట్టు ఫైలును సవరించారు. ఈ ఒక్క పని వల్ల పెట్టె దిగువ భాగం మీద దాదాపు పుట్టీ అవసరం లేకుండా కూర్చుంది. పరీక్ష ముక్కకు విడిగా డబ్బు తీసుకోలేదన్నది కూడా చెప్పుకోవాలి.

గుమ్మటం నాణ్యత నేను ఆశించినదాని కంటే బాగుంది. 0.03 మిల్లీమీటర్ల పొరలతో ముద్రించడం వల్ల వాలు మీద మెట్లలాంటి గీతలు ప్రైమర్ వేశాక కూడా కనబడలేదు. యాంటెనాల అంచులు పదునుగా, ఒకదానికొకటి వేరుగా నిలిచాయి. పలకల విషయంలో మాత్రం నాకు పూర్తి తృప్తి లేదు. పలచని బల్లపరుపు భాగాలు రెజిన్‌లో కొంచెమైనా వంకర తిరుగుతాయి. వాటిని వాలుగా నిలబెట్టి ముద్రించడం, కాంతిలో ఆరబెట్టేటప్పుడు గాజు పలకల మధ్య నొక్కి ఉంచడం దానికి విరుగుడు. వాలుగా ముద్రించారు గానీ నొక్కి ఉంచలేదు. దానికి తోడు, ముద్రించేటప్పుడు భాగాన్ని మోసే ఆధారాల మచ్చలను వెనుక వైపు పడేలా చూడమని ముందే చెప్పినా, కొన్ని పలకల ముఖం మీదే పడ్డాయి. మచ్చలను వాటర్ పేపర్‌తో తీసేయవచ్చు, అయితే దానితో పాటు పలక మీది సన్నని గీతలు కూడా పోతాయి. అడిగితే ఆ పలకలను మళ్లీ ముద్రించి ఇచ్చారు, వాటికి సగం డబ్బు మాత్రం తీసుకున్నారు. ఆ సగం కూడా తీసుకోకుండా ఉండవలసిందని నేను అనుకుంటాను, ఎందుకంటే లోపం ఫైలులోది కాదు. రెండోసారి వచ్చినవి కాంతిలో అవసరానికి మించి ఆరబెట్టినట్టున్నాయి. అంచులు పెళుసుగా ఉండి, ఫెవిక్విక్‌తో అతికించేటప్పుడు ఒక మూల చిట్లింది. పలకలు ఒక మిల్లీమీటరు కంటే పలచగా అడగవద్దని, అతికించేటప్పుడు పెట్టె ముఖం మీద పరిచి బరువు పెట్టాలని ఈ పని చేయబోయేవారికి సలహా.

ధర సంగతి. గుమ్మటం, పెట్టె, పలకలు, బరువైన పెట్టె రకం సీ స్పారో లాంచర్లు అన్నీ కలిపి పదిహేను వందల రూపాయల లోపే అయ్యాయి. గ్రాముల లెక్కన తీసుకుంటారు, ఎంత చిన్న పనికైనా ఒక కనీస రుసుము ఉంది కాబట్టి అన్నీ ఒకేసారి ఇవ్వడం లాభం. ఫైలు గీసి ఇవ్వడం విడి సేవ. దానికి ముద్రణ కంటే ఎక్కువే అవుతుంది. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో గుమ్మటాన్ని గీసుకోవడం కష్టమేమీ కాదు. ఒక వరుస యాంటెనాలు గీసి, మధ్య అక్షం చుట్టూ తిప్పి నకళ్లు తీసుకుంటే ఎక్కువ పని అయిపోయినట్టే. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి.

రంగు విషయంలో కిట్ సూచనలను 1971కి నేరుగా అన్వయించకూడదు. నౌక పక్క గోడలు, ఐలండ్ బూడిద రంగులోనే ఉంటాయి, డెక్ ముదురు బూడిద, నీటి గీత దగ్గర నల్లని పట్టీ, దాని కింద ఎరుపు. ఇవి సులువు. హాబీ రంగులు వరంగల్‌లో దొరకవు కాబట్టి ఆటోనగర్‌లో కార్ల పెయింట్ కలిపే దుకాణంలో ఒక చిన్న డబ్బా బూడిద రంగు కలిపించుకోవడం నాకు నచ్చిన పద్ధతి. కలిపేవారికి రంగు కార్డు చూపడం కంటే, ఇష్టపడిన హాబీ రంగును ఒక ప్లాస్టిక్ ముక్క మీద పూసి తీసుకెళ్లి చూపితే సరిగా వస్తుంది. కారు పెయింట్‌ను నేరుగా ప్లాస్టిక్ మీద కొట్టకుండా ముందు ప్రైమర్ వేయాలి. వర్షాకాలంలో స్ప్రే చేస్తే గాలిలో తేమ వల్ల రంగు పాలిపోయి తెల్లని పొర కమ్ముతుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు చేయడం మేలు.

డెక్ మీది విమానాలే ఈ మార్పులో అందరూ తేలిగ్గా తీసుకునే భాగం. ఎఫ్-14 టామ్‌క్యాట్‌లు మొదటిసారి సముద్ర యాత్రకు బయలుదేరింది ఎంటర్‌ప్రైజ్ మీదనే, కాకపోతే 1974లో. 1971 డెక్ మీద అవి ఉంటే ఐలండ్ మీద పెట్టిన శ్రమంతా వృథా. ఎస్-3 వైకింగ్‌లు కూడా అంతే, అవీ ఆ తరువాతివే. 1971 యాత్రలో ఆ నౌక మీదున్న విమానదళంలో ఎఫ్-4 ఫాంటమ్‌లు, ఏ-7 కోర్సెయిర్‌లు, ఏ-6 ఇంట్రూడర్‌లు, నిఘాకు ఆర్‌ఏ-5సీ విజిలాంటీలు, ఈకేఏ-3బీ స్కైవారియర్‌లు, ఈ-2బీ హాకైలు ఉండేవి. ఏ-6, ఏ-7లు తరువాతి సంవత్సరాల్లోనూ కొనసాగాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. ఫాంటమ్ ఈ స్కేల్‌లో ఐదు సెంటీమీటర్లు, విజిలాంటీ, స్కైవారియర్ ఆరున్నర దాటుతాయి. వీటిని అదే కాజీపేట దుకాణంలో ముద్రించుకోవచ్చు. రెక్కలు పలచన కావడం వల్ల పలకలకు చెప్పిన జాగ్రత్తే వీటికీ వర్తిస్తుంది. రంగు కూడా మారాలి. 1980లలో అమెరికా నౌకాదళ విమానాలు కనీకనపడని బూడిద రంగుల్లోకి వెళ్లాయి. 1971లో పైభాగం లేత బూడిద, కిందిభాగం మెరిసే తెలుపు, తోకల మీద దళాల రంగురంగుల గుర్తులు, పెద్ద అక్షరాల్లో ఎన్‌కే అనే సంకేతం ఉండేవి. బూడిద రంగు డెక్ మీద ఆ తెలుపు పడినప్పుడు వచ్చే అందం 1980ల రూపానికి లేదని నా అభిప్రాయం. ఈ మార్పుకు నేను ఓటు వేయడానికి చరిత్ర ఒక కారణమైతే ఇది రెండో కారణం.

పక్కన మన పాత విమానవాహక నౌక విక్రాంత్‌ను నిలపాలన్న కోరిక సహజంగానే వస్తుంది. 1961 మార్చిలో బెల్‌ఫాస్ట్‌లో మన నౌకాదళంలో చేరిన ఆ నౌక 1971 డిసెంబరు 4 నుంచి సీ హాక్ విమానాలతో కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేసింది. దాన్ని వేటాడటానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరాన మునిగిపోయిన సంగతి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. 213 మీటర్ల విక్రాంత్ ఈ స్కేల్‌లో 61 సెంటీమీటర్లు వస్తుంది. ఎంటర్‌ప్రైజ్‌లో మూడింట రెండు వంతుల పొడవు కూడా లేని నౌక అది. అయితే విక్రాంత్‌ను 1971 రూపంలో కట్టేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పుడు తీసిన ఫోటోల్లో కనిపించే ముందువైపు ఎత్తు వంపు, సీ హారియర్ విమానాల కోసం 1980లలో చేర్చినది. 1971లో ఆ చోట చదునైన డెక్, ఆవిరి క్యాటపుల్టు ఉండేవి. ఆ నౌకను మొదటి నుంచి కట్టుకోవడం వేరే పని, దాని గురించి ఇక్కడ చర్చించను.

ఎవరికి ఈ కిట్, ఈ మార్పు తగినవి అంటే, ఇంతకు ముందు కనీసం ఒక పెద్ద ఓడ కట్టినవారికి. మొదటి నమూనాగా దీన్ని ఎంచుకోవద్దు. దిగుమతి ధర ఎక్కువ, మీటరు పొడవు అద్దాల పెట్టెకు స్థలం కావాలి, చిన్న పొరపాటుకు కూడా విడిభాగాలు ఇక్కడ దొరకవు. దుకాణాల్లో పెట్టె తెరిచి చూపని చోట కొనకండి. తెప్పించుకుంటే పెట్టె మూలలు నలిగాయో లేదో విప్పే ముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, పొడవాటి డెక్ భాగాలు వంగిపోతే సరిచేయడం చాలా కష్టం. అణు శక్తితో నడిచే నౌక కాబట్టి పొగ మసి ఎక్కడా వేయనక్కర్లేదన్నది రంగులేసేవారికి చిన్న ఊరట.

ప్రింటింగ్ దుకాణానికి ఐదింట నాలుగు మార్కులు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటి పలకల దగ్గర పోయింది. నిట్, ఇతర ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టులు సమర్పించే మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడికి వెళితే పని ముట్టుకునేవారుండరు; ఒప్పుకున్నా తొందరలో చేస్తారు. జూన్ దాటాక వెళ్లి, పలకల ముఖం మీద ఆధారాలు పెట్టవద్దని కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి, ఆరబెట్టేటప్పుడు రెండు గాజు ముక్కల మధ్య పెట్టమని అడగండి. గాజు ముక్కలు మీరే తీసుకెళితే ఇంకా మంచిది.